ఐఎన్ఎస్ అని ఉంటే ఓడేనా?

నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చి, ఇప్పుడు ఊళ్లో పిల్లలకు కోచింగ్ చెబుతున్నాను. జాయినింగ్ లెటర్లు వచ్చే రోజుల్లో నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే: "సార్, మావాడికి ఐఎన్ఎస్ చిల్కా వచ్చింది, ఆ ఓడ వైజాగ్‌లో ఎప్పుడు ఎక్కాలి?"

చిల్కా ఓడ కాదండీ. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ట్రైనింగ్ సెంటర్. ఒకాయన కొడుకునీ ట్రంకు పెట్టెనీ వెంటబెట్టుకుని తిన్నగా వైజాగ్ డాక్‌యార్డు గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. విషయం తెలిసేసరికి ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది. పాపం, ఆ తండ్రి ముఖం ఇప్పటికీ గుర్తే.

ఐఎన్ఎస్ అంటే భారత నౌకాదళ ఓడ అనే అర్థం, కాదనను. కానీ ఒడ్డు మీది స్థావరాలకూ ఓడకు పెట్టినట్టే పేరు పెట్టడం బ్రిటిష్ నేవీ నుంచి వచ్చిన ఆనవాయితీ. వైజాగ్‌లో ఐఎన్ఎస్ సర్కార్స్, విమానాలుండే ఐఎన్ఎస్ డేగ, జలాంతర్గామి సిబ్బందికి శిక్షణనిచ్చే ఐఎన్ఎస్ శాతవాహన, భీమిలి వైపు ఐఎన్ఎస్ కళింగ, ఇవన్నీ నేల మీదే. ఐఎన్ఎస్ శివాజీ అయితే ఏకంగా లోనావాలా కొండల్లో ఉంది! అక్కడా గచ్చును డెక్ అనే అంటాం, వంటగదిని గ్యాలీ అంటాం, బజారుకెళ్తే 'అషోర్', అంటే ఒడ్డుకు, వెళ్లామంటాం. ఇక ఇంట్లోవాళ్లు ఓడ అనుకోక ఏమనుకుంటారు?

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేనూ అలాంటి స్థావరంలోనే ఉన్నాను. ఫోన్లు కలిశాక అమ్మ ఏడుస్తూ, "మీ ఓడ తిరగబడిందా నాయనా?" అంది. మా ఓడకు రేకులు ఎగిరిపోయాయి, వేపచెట్టు కూలింది, అంతేనే అమ్మా అన్నాను. నిజం ఓడల సంగతంటారా, తుపాను వస్తోందంటే వాటిని ముందే నడిసముద్రంలోకి పంపేస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఐఎన్ఎస్ విశాఖపట్నం నిజం ఓడే, కానీ వైజాగ్‌లో కట్టింది కాదు, ముంబై మజగావ్ డాక్‌లో కట్టారు, 2021 నవంబరులో అక్కడే నేవీలో చేరింది. తుక్కుకు అమ్మేసిన విమానవాహక నౌక విక్రాంత్ మళ్లీ ఎలా వచ్చిందని అడుగుతారు. అది 1997లో రిటైరైన పాత ఓడ, 2022లో కొచ్చిలో వచ్చింది కొత్తది. మంచి పేరును నేవీ వదులుకోదు, అంతే. వాట్సాప్‌లో తిరిగే కథలు నన్ను అడగొద్దు.

లెటర్ చేతికొచ్చాక ఐఎన్ఎస్ పక్కన పేరు చూసి ఆగిపోకండి, దాని కింద ఊరూ రాష్ట్రమూ రాసి ఉంటాయి, అవి చదవండి. డౌట్ ఉంటే రాత్రి పదకొండింటికైనా ఫోన్ చేయండి. ట్రంకు పెట్టె పట్టుకుని డాక్‌యార్డు గేటుకు మాత్రం వెళ్లొద్దు.