పద్దెనిమిదేళ్ల పిల్లల చేతికి కారు తాళాలు: ఇన్సూరెన్స్ అపోహలు, వాస్తవాలు

పిల్లలకు పద్దెనిమిది నిండగానే ఇంట్లో డ్రైవింగ్ స్కూలు మాట, దాని వెంటే కారు ఇన్సూరెన్స్ మాట వస్తాయి. ఈ రెండో విషయంలో తలా ఒక సలహా ఇస్తారు. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ సలహాలు పాటించిన ఇళ్లలోనే క్లెయిములు ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నాయి.

అపోహ: కొత్తగా నేర్చుకున్న పిల్లలు నడుపుతారని చెబితే ప్రీమియం రెట్టింపు అవుతుంది.

వాస్తవం: ఇది అమెరికాలో ఉన్న మన బంధువుల నుంచి వచ్చిన మాట. అక్కడ ఇంట్లోని టీనేజ్ డ్రైవర్‌ను పాలసీలో చేరిస్తే ప్రీమియం నిజంగానే బాగా పెరుగుతుంది. మన దగ్గర పాలసీ బండికి ఉంటుంది. లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరైనా యజమాని అనుమతితో నడపవచ్చు, వాళ్ల పేర్లు ముందుగా రాయించనక్కర్లేదు. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియాన్ని ప్రభుత్వమే ఇంజిన్ సీసీని బట్టి నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. జీఎస్టీ 18 శాతం అదనం. ఇందులో నడిపేవాళ్ల వయసు ఎక్కడా లేదు. ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టం) భాగంలో మాత్రం కంపెనీకీ కంపెనీకీ రేటు తేడా ఉంటుంది కాబట్టి, ఒకే ఐడీవీ (పాలసీలో కారుకు కట్టే విలువ) పెట్టి కనీసం మూడు చోట్ల కొటేషన్ అడగండి. ఐడీవీ వేర్వేరుగా ఉన్న కొటేషన్లను పోల్చి చూసి ఉపయోగం లేదు.

అపోహ: కారును అబ్బాయి పేరు మీదకు మారిస్తే ఇన్సూరెన్స్ చవక.

వాస్తవం: చాలా ఇళ్లలో ఇదే పెద్ద నష్టం. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, యజమానిది. తండ్రి ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి 50 శాతం బోనస్ సంపాదించుకుంటే, ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 ఉన్నచోట ఆయన కట్టేది 4,000. ఆర్‌సీ కొడుకు పేరు మీదకు వెళ్లిన రోజు నుంచి ఆ కారుకు బోనస్ సున్నా. యజమాని చనిపోయి కారు భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వచ్చినప్పుడు తప్ప, ఇంట్లోవాళ్లయినా సరే బోనస్ చేతులు మారదు. తండ్రి తన బోనస్‌కు సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్లలోపు కొనే వేరే కారుకు వాడుకోవచ్చు, అంతే. కాబట్టి కారును తండ్రి పేరు మీదే ఉంచి పిల్లలు నడపడం చవక, నిబంధనలకు లోబడినదే.

పేరు ఎలాగూ మార్చారనుకోండి, 14 రోజుల్లోపు పాలసీ కూడా మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొత్త యజమానికి వస్తుంది. ఓన్ డ్యామేజ్ రాదు. ఆర్‌సీ మార్చి పాలసీని మరిచిపోయినవాళ్లకు క్లెయిమ్ తిరస్కరణ లేఖ వచ్చేది అందుకే.

అపోహ: ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) మాత్రమే ఉంటే ఇన్సూరెన్స్ వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది, షరతులు పాటిస్తే. పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు. 30 రోజులు దాటాక పక్కా లైసెన్స్ పరీక్షకు వెళ్లవచ్చు. ఒంటరిగా కాలేజీకి తీసుకెళ్లినప్పుడు ప్రమాదం జరిగితే మాత్రం ఎల్ఎల్ఆర్ చూపించి ప్రయోజనం లేదు. ఇంకో పొరపాటు: పదహారేళ్లకు గేర్లు లేని బండికి తీసుకున్న లైసెన్స్ జేబులో ఉందని కారు తీయడం. కార్డు మీద ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి వాహనం) అని ఉండాలి.

అపోహ: లైసెన్స్ లేని పిల్లలు గుద్దినా, నాన్న నడిపాడని క్లెయిమ్ ఫారంలో రాస్తే సరిపోతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూసేది ఒక్క ఫారమే కాదు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, దారిలోని సీసీ కెమెరాలు, సీటు ఎంత ముందుకు జరిగి ఉంది, ఆ సమయంలో తండ్రి ఆఫీసులో ఉన్నాడా, ఇవన్నీ చూస్తారు. డ్రైవర్ పేరు తప్పు రాశారని తేలితే మొత్తం ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పోతుంది, తప్పుడు వాంగ్మూలం నింద అదనం. ఎదుటివాళ్లకు గాయాలైన కేసుల్లో కోర్టులు కంపెనీని ముందు పరిహారం కట్టమని, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంటాయి. అంటే లక్షల భారం చివరికి కారు ఎవరి పేరున ఉందో వాళ్ల మీదే పడుతుంది.

నడిపింది పద్దెనిమిది నిండని పిల్లలైతే సంగతి ఇంకా తీవ్రం. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఊళ్లో పొలం దాకే కదా అని తాళాలిచ్చే పెద్దలు ఈ ఒక్క సెక్షన్ గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: ప్రీమియం కడుతున్నాం కాబట్టి ప్రతి గీతకూ క్లెయిమ్ చేయాలి.

వాస్తవం: కొత్త చేతుల్లో మొదటి ఏడాది బంపర్ గీతలు, గేటుకు తగలడాలు తప్పవు. అందుకే ఈ లెక్క ఒకసారి వేసుకోండి. బంపర్ బిల్లు 6,000 అయిందనుకుందాం: భాగం 3,000, పెయింట్ 2,400, కూలి 600. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కింద కోత లేకుండా చేసే యాడ్ఆన్) లేకపోతే ప్లాస్టిక్ భాగానికి సగం, అంటే 1,500 కోత. పెయింట్ బిల్లులో పావు వంతును సరుకు ఖర్చుగా లెక్కించి, అందులో సగం అంటే 300 కోత. ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనం భరించాల్సింది 1500 సీసీ వరకు ఉన్న కారుకు 1,000. చేతికొచ్చేది 3,200.

ఇప్పుడు రెండో వైపు. బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000, మీది 45 శాతం బోనస్. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది నుంచి 50 శాతం. క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా, తర్వాత వరుసగా 20, 25, 35, 45. ఈ ఐదేళ్లలో అదనంగా కట్టేది 5,000, 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500, జీఎస్టీ విడిగా. ఏటా ఐడీవీ తగ్గుతుంది కాబట్టి అసలు అంకె కొంత చిన్నదవుతుంది, అయినా 3,200 కోసం చేసే పని కాదది. చిన్న దెబ్బలకు చేతి నుంచి పెట్టుకోండి. జీరో డిప్రిసియేషన్‌తో పాటు బోనస్ ప్రొటెక్షన్ (క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే) యాడ్ఆన్ తీసుకోవడం కొత్త డ్రైవర్ ఉన్న ఇంటికి మా దృష్టిలో న్యాయమైన ఖర్చు. ఏడాదికి ఎన్ని క్లెయిములు అనుమతిస్తారో పాలసీ కాగితంలో ముందే చూసుకోండి.

అపోహ: ఐడీవీ తగ్గించుకుంటే ఆదా.

వాస్తవం: ప్రీమియం కొంచెం తగ్గుతుంది, కారు దొంగతనానికి గురైనా తుక్కయినా చేతికొచ్చేది కూడా తగ్గుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పొదుపు ఇంకొకటుంది. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఉండే 7.5 లక్షల పరిమితిని 6,000కు కుదించుకుంటే టారిఫ్ ప్రకారం కారు ప్రీమియంలో తగ్గేది 100 రూపాయలు. కొత్త డ్రైవర్ దుకాణం షట్టర్‌నో ఖరీదైన కారునో గుద్దిన రోజున ఆ వంద ఏ మూలకూ సరిపోదు. కొటేషన్‌లో ఆ గడి టిక్ అయి ఉంటే తీయించండి.

అపోహ: థర్డ్ పార్టీ ఉంది కాబట్టి నడిపే మా పిల్లలకూ పరిహారం వస్తుంది.

వాస్తవం: తమ తప్పు వల్ల దెబ్బ తగిలితే నడిపేవాళ్లు థర్డ్ పార్టీ కిందికి రారు. అడిగి తీసుకున్న బండి నడిపినవాళ్లు యజమాని స్థానంలో ఉన్నట్టేనని కోర్టులు అలాంటి క్లెయిములను తోసిపుచ్చిన సందర్భాలున్నాయి. పాలసీలో కనిపించే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా లైసెన్స్ ఉన్న యజమానికే. అందుకే పిల్లల పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. కారు అమ్మ పేరు మీద ఉండి ఆమెకు లైసెన్స్ లేకపోతే ఆ 15 లక్షల కవర్ ఆమెకు ఇవ్వడానికే వీల్లేదు, దానికి ప్రీమియం వసూలు చేసి ఉంటే తీసేయమని అడగండి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి నడిపే అబ్బాయికో అమ్మాయికో విడి పాలసీ చేయించవచ్చు.