మదరసాల మీద మళ్లీ రచ్చ: అసలు మలుపు 2012లోనే జరిగింది

ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2025లో కొత్త చట్టం తెచ్చి అక్కడి మదరసా బోర్డుకు 2026 జూలై 1ని ఆఖరి గడువుగా పెట్టింది. ఎక్కడో ఉత్తరాదిలో జరిగినదానికి కడపలో, కర్నూల్లో ఎందుకింత రచ్చ, మన రాష్ట్రంలో రద్దు చేయడానికి మదరసా బోర్డే లేదు కదా అని కొందరు అడుగుతున్నారు. నిజమే, లేదు. గొడవంతా అందుకే. మదరసాలో ఏం చెబుతున్నారో, ఎంత బాగా చెబుతున్నారో చూసి సంతకం పెట్టే వ్యవస్థ ఇక్కడ లేదు. మూసేయాలని అరిచేవాళ్లు ఒకపక్క, మా జోలికి రావద్దని అరిచేవాళ్లు ఇంకోపక్క. మధ్యలో పిల్లల్ని అక్కడికి పంపే అమ్మానాన్నల మాట ఎవరూ వినడం లేదు. వాళ్లు అడిగేది చిన్నదే. మావాడు అన్నేళ్లు చదివాడు, వాడికి ఎంత వచ్చిందో చెప్పేదెవరు, ఆ చదువుకు చెల్లే కాగితం ఇచ్చేదెవరు?

నవాబుల కాలం నుంచి మొదలుపెట్టను, ఆ కథ ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. ఒక్క తేడా మాత్రం చెప్పాలి, టీవీ చర్చల్లో రోజూ రెండూ కలిపేస్తున్నారు కాబట్టి. మసీదులో పొద్దునో సాయంత్రమో కాసేపు జరిగేది మక్తబ్. ఆ పిల్లలు పగలు మామూలు బడికే పోతారు. మదరసాలో ఎక్కువమంది అక్కడే ఉండి, అక్కడే తిని, హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం చేయడం) గానీ ఆలిం (మత పండితుడి) కోర్సు గానీ చదువుతారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ తేడాను గట్టిగానే చెప్పింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకు పోయేది నూటికి ముగ్గురు నలుగురేనని లెక్క కూడా ఇచ్చింది.

ఇక అసలు మలుపు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తింపు లేని బడి నడపకూడదని, ఇన్ని గదులుండాలని, టీచరుకు ఇంత చదువుండాలని అందులో రాశారు. మదరసా కమిటీలకు టెన్షన్ మొదలైంది. ఈ లెక్కన రేపు మా గేటుకు తాళం వేస్తారని భయపడ్డారు, ఆ భయంలో అర్థం ఉంది. దేశమంతా ఆందోళనలు జరిగాయి, ముస్లిం పర్సనల్ లా బోర్డు పట్టుబట్టింది. చివరికి కేంద్రం చట్టాన్ని సవరించింది. 2012 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణతో మొదటి సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం చేరింది. మదరసాలకు, వేద పాఠశాలలకు, ముఖ్యంగా మతబోధన చేసే సంస్థలకు ఈ చట్టంలోని ఏదీ వర్తించదని.

అప్పట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, మదరసా కమిటీలూ, విద్యాశాఖా. తనిఖీకి పోయే పని తప్పిందని మండల విద్యాధికారి కూడా సంతోషించే ఉంటాడు. కానీ ఆ వాక్యం తాళంతో పాటు ఇంకేం ఆపిందో ఎవరూ చూసుకోలేదు. చిన్న తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక టీచరుండాలన్న లెక్క ఆగిపోయింది. పిల్లల్ని కొట్టకూడదని చెప్పే 17వ సెక్షన్ కూడా మదరసా గడప బయటే ఆగిపోయింది. వేరే చట్టాలు ఉన్నాయి, కాదనను. కానీ ఉస్తాద్ (పాఠం చెప్పే గురువు) దెబ్బలకు బెదిరి ఇంటికి పారిపోయి వచ్చిన పిల్లాడి తండ్రి విద్యాశాఖ ఆఫీసుకు పోతే ఇది మా పరిధి కాదు అనేస్తారు, వక్ఫ్ వాళ్లను అడిగితే చదువు సంగతి మాది కాదంటారు. నా ఉద్దేశంలో ఇవాళ్టి గొడవకు వేరు ఇక్కడే ఉంది. సంస్థకు రక్షణ దొరికింది, పిల్లాడికి దొరకలేదు.

డబ్బు కథ కూడా ఇలాగే నడిచింది. 1993-94లో కేంద్రం మదరసాల ఆధునికీకరణ అని ఒక పథకం పెట్టింది, 2009లో దాన్ని పెంచి, నాణ్యమైన విద్య అనే పేరుతో మళ్లీ తెచ్చింది. లెక్కలు, సైన్స్, ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే టీచరుకు డిగ్రీ ఉంటే నెలకు 6 వేలు, పీజీతో పాటు బీఈడీ ఉంటే 12 వేలు. మంచిదే. కానీ ఖురాన్ చెప్పే ఉస్తాద్ ఈ లెక్కలో లేడు. ఆయన జీతం, ఆయన శిక్షణ, ఆయన పాఠం ఎంత బాగుందో చూడటం, ఇవేవీ నాణ్యత కిందికి రాలేదు. 2022 మార్చి తర్వాత ఆ పథకమూ కొనసాగలేదు.

మక్తబ్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే ఆ ఉస్తాద్ పని ఎంత కష్టమో తెలుస్తుంది. వరసగా రెహల్‌లు (ఖురాన్ పెట్టుకునే చెక్క పీటలు), వాటి ముందు టోపీలు పెట్టుకున్న మగపిల్లలు, దుపట్టా కప్పుకున్న ఆడపిల్లలు. ఒకరు నూరానీ ఖాయిదా అనే మొదటి వాచకంలో అక్షరాల దగ్గరే ఉంటే పక్కన కూర్చున్నవాళ్లు ఖురాన్ చివరి భాగమైన అమ్మ పారాలో ఉంటారు. ఒక్కొక్కరే ఆయన ముందుకొచ్చి సబఖ్ (పాఠం) అప్పజెప్పాలి. కాఫ్, ఖాఫ్ అనే రెండు అరబ్బీ అక్షరాలకు తేడా పలక్కపోతే మళ్లీ చదివించాలి, ఈలోపు వెనక అల్లరి మొదలవుతుంది. హిఫ్జ్ చెప్పేచోట ఇంకా పద్ధతి ఉంటుంది. రోజూ కొత్త సబఖ్, ఈమధ్య చదివింది మళ్లీ, పాతది మళ్లీ, అన్నీ రిజిస్టర్‌లో రాస్తారు. ఇంత క్రమశిక్షణ ఉన్న చదువు ఇది. కానీ అర్థం తెలియకుండానే మొత్తం చదివేసే పిల్లలు చాలామంది ఉన్నారు, చిన్నపిల్లలకు ఎలా చెప్పాలో ఉస్తాద్‌కు నేర్పిన వాళ్లు లేరు. చాలాచోట్ల మసీదు ఇమామే మక్తబ్ కూడా చూసుకుంటాడు. ఆదాయం లేని మసీదుల ఇమాములకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 10 వేల గౌరవ వేతనం నమాజు చదివించినందుకే, పాఠానికి కాదు.

బయటివాళ్లు వచ్చి మత చదువును పరీక్షిస్తే అది జోక్యం అవుతుందని కమిటీ పెద్దల్లో కొందరి వాదన. ఇవాళ నాణ్యత అంటారు, రేపు సిలబస్ మారుస్తారు అంటారు. అస్సాంలో ప్రభుత్వ మదరసాలను మామూలు బడులుగా మార్చిన 2020 చట్టాన్ని చూపిస్తారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

అయితే మన దగ్గరే పాత సంగతి ఒకటి ఉంది, దాన్ని ఎందుకు మర్చిపోయామో నాకు అర్థం కాదు. ఈ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మద్రాసు యూనివర్సిటీ ప్రాచ్య భాషలకు పట్టా పరీక్షలు పెట్టేది. తెలుగుకు విద్వాన్, సంస్కృతానికి శిరోమణి, అరబ్బీకి అఫ్జల్ ఉల్ ఉలమా. అరబ్బీ గ్రంథాలు చదివినవాడు యూనివర్సిటీ పెట్టిన పరీక్ష రాసి, పాసై, ఆ పట్టాతో బడిలో మున్షీగా (భాషా పండితుడిగా) చేరొచ్చు. దాంతో దీన్‌లో (మతంలో) ఎవరూ వేలు పెట్టినట్టు కాలేదు. కర్నూల్లో 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్‌ను పెద్దవాళ్లు ఇప్పటికీ అఫ్జల్ ఉల్ ఉలమా అనే పిలుస్తారు. కేరళలో కాలికట్ యూనివర్సిటీ ఆ కోర్సును వదల్లేదు. మనం వదిలేశాం. ఆలిం కోర్సు కోసం రాయలసీమ కుర్రాళ్లు వేలూరు బాఖియాత్‌కో, ఉమరాబాద్‌కో, హైదరాబాద్ జామియా నిజామియాకో పోయి సనద్ (పట్టా) తెచ్చుకుంటారు. కొన్ని సనద్‌లను మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ) లాంటి యూనివర్సిటీ అడ్మిషన్‌కు ఒప్పుకుంటుంది. కానీ ఇక్కడి చిన్న మదరసా ఇచ్చే కాగితాన్ని పక్క జిల్లాలో కూడా అడిగేవాళ్లు లేరు.

2012లో అదే వాక్యంలో ఉన్న వేద పాఠశాలల సంగతి చూడండి. ఉజ్జయిని సాందీపని ప్రతిష్ఠానం కింద వాటికి బోర్డు వచ్చింది. వేదభూషణ్ పదో తరగతితో, వేదవిభూషణ్ ఇంటర్‌తో సమానమని 2022లో యూనివర్సిటీల సంఘం ఒప్పుకుంది. పిల్లాడు చదివిన వేదాన్నే పరీక్షించి, దానితో పాటు లెక్కలూ ఇంగ్లీషూ చూసి కాగితం ఇస్తారు. దానివల్ల వేదం చెడిపోయిందని ఎవరూ అనలేదు.

ఉత్తరప్రదేశ్ మదరసా చట్టం మీద 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ గొడవలో రెండు వైపులవాళ్లూ సగం సగమే చదువుతున్నారు. మదరసాల్లో చదువు ప్రమాణాలను రాష్ట్రం చూసుకోవచ్చని, అది మైనారిటీ హక్కుకు అడ్డం కాదని కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కామిల్, ఫాజిల్ అనే డిగ్రీ, పీజీ స్థాయి పట్టాలు మాత్రం బోర్డు ఇవ్వకూడదు, అది యూజీసీ చట్టానికి విరుద్ధం అంది. అంటే పైస్థాయి పట్టా ఇవ్వాల్సింది యూనివర్సిటీయే. కర్నూల్లో 2016 నుంచి అబ్దుల్ హక్ పేరుతోనే ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అఫ్జల్ ఉల్ ఉలమా పరీక్షను మళ్లీ పెట్టడం, మక్తబ్ ఉస్తాద్‌లకు సెలవుల్లో బోధన శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వడం, ఈ రెండూ ఆ యూనివర్సిటీ చేయగలిగిన పనులే. వీటికోసం ఉత్తరాఖండ్‌లో ఏం జరుగుతుందో చూస్తూ కూర్చోనక్కర్లేదు, ముందు కమిటీల పెద్దలు, ఉలమాలు (మత పండితులు) ఆ యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌తో ఒకసారి కూర్చోవాలి.