కారణం ఉన్న భయానికి ఎన్ని మార్కులు?

ఒక పాఠకురాలు రాశారు: "కరోనా లాక్‌డౌన్‌లో మా చెల్లికి కాన్పయింది. ఆరో వారంలో నర్సు ఒక కాగితం చేతికిచ్చి పది ప్రశ్నలకు టిక్కు పెట్టమంది. సరైన కారణం లేకుండానే ఆందోళన పడ్డారా అనే ప్రశ్న దగ్గర చెల్లి ఆగిపోయింది. లోకమంతా మూతపడి ఉంటే కారణం లేకపోవడమేంటి అంది. ఇంతకీ ఏం టిక్కు పెట్టాలి?"

ఈ ప్రశ్న చదివాక నాకు రెండు రోజులు వేరే పని తోచలేదు. ఆ కాగితం తయారుచేసిన వాళ్ల ముందు పెట్టాల్సిన ప్రశ్న ఇది.

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని పసిగట్టడానికి ఇచ్చే ఆ కాగితం పేరు ఎడిన్‌బరో స్కేల్. జాన్ కాక్స్, జెన్నిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ అనే ముగ్గురు స్కాట్లాండ్‌లో తయారుచేసి 1987లో ప్రచురించారు. డిప్రెషన్‌కి అప్పటికే బోలెడు ప్రశ్నపత్రాలున్నాయి. నీరసంగా ఉందా, నిద్ర సరిపోతోందా, ఆకలి మారిందా అని అడిగేవి. వాటిని బాలింతకి ఇస్తే? అన్నిటికీ అవుననే చెబుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీరసం లేనిదెవరికి? అందుకే వీళ్లు శరీరానికి సంబంధించిన ప్రశ్నలన్నీ తీసేశారు. నిద్ర గురించి ఒక్కటే ఉంచారు, అదీ మెలిక పెట్టి: మనసు బాగోక నిద్ర పట్టడం కష్టమైందా అని. బిడ్డ ఏడిస్తే లేవడం లెక్కలోకి రాదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఆ ముగ్గురికీ దండం పెట్టాలనిపిస్తుంది.

గడిచిన ఏడు రోజుల గురించే అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా, మొత్తం 30. కొన్ని చోట్ల 10, కొన్ని చోట్ల 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు పిలిచి మాట్లాడతారు. అది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు, ఎవరితో తీరిగ్గా మాట్లాడాలో చెప్పే జల్లెడ. 

ఇప్పుడు చెల్లి సందేహానికొద్దాం. పదింటిలో 3, 4, 5 ప్రశ్నలు ఆందోళనవి. అనవసరంగా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా, కారణం లేకుండా కంగారు పడ్డారా, కారణం లేకుండా భయపడ్డారా. మూడింటిలోనూ ఆ 'అనవసరంగా', 'కారణం లేకుండా' అనే మాటలున్నాయి. మామూలు రోజుల్లో అవి బాగా పనిచేస్తాయి. మహమ్మారి ఆ మాటల కాళ్లు విరగ్గొట్టింది. భయానికి కారణం టీవీలో రోజూ కనిపించేది. నిజాయితీగా ఆలోచించే తల్లి 'కారణం ఉంది కాబట్టి సున్నా' అనొచ్చు. అంతే నిజాయితీగా ఇంకో తల్లి 'భయం ఉంది కాబట్టి మూడు' అనొచ్చు. మూడు ప్రశ్నలకు కలిపి తొమ్మిది మార్కుల తేడా!

అయితే కరోనాలో పెరిగిన మార్కులన్నీ ఈ న్యాయమైన భయానివేనా? దీనికి అనుకోకుండా ఒక ప్రయోగం జరిగింది. చైనాలో 10 రాష్ట్రాల్లో 25 ఆస్పత్రులు, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు 2020 జనవరి మొదటి నుంచే ఇదే కాగితం ఇస్తున్నాయి. వైరస్ మనిషి నుంచి మనిషికి సోకుతోందని జనవరి 20న అక్కడ ప్రకటించారు. మొత్తం 4,124 మంది. ప్రకటనకు ముందు నింపినవాళ్లలో 26 శాతం మందికి 10 గానీ అంతకు మించి గానీ వస్తే, తర్వాత నింపిన వాళ్లలో అది 29.6 శాతం. వందకు ముగ్గురు నలుగురే కదా అనిపిస్తుంది. కానీ రోజువారీ కేసులు పెరిగేకొద్దీ ఆ శాతమూ పెరిగింది. ఇంకా ముఖ్యంగా, పదో ప్రశ్నకు, అంటే 'మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా' అన్నదానికి, అవుననేవాళ్లు కూడా పెరిగారు. పదో ప్రశ్నలో 'కారణం లేకుండా' అనే మాట లేదు. న్యాయమైన భయం ఒక్కటే అయితే ఆ గడి కదలకూడదు.

ఆన్‌లైన్ సర్వేల్లో ఇంతకంటే చాలా పెద్ద అంకెలు వచ్చాయి. బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా లింకు నొక్కుతారు కాబట్టి వాటిని నేను కొంచెం దూరం పెడతా.

మరి ఈ సమయంలోనే మనసు ఎందుకంత పెళుసు? ఒకప్పటి యూరప్ వైద్యులు పాలు తలకెక్కడం వల్ల అనేవారు, నిజంగానే. ఇప్పటి కథ వేరు, కాస్త చిక్కనిది. గర్భంలో మాయ నుంచి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ విపరీతంగా వస్తుంది. అందులోంచి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం తయారై మెదడులోని గాబా గ్రాహకాల మీద కూర్చుంటుంది. గాబా మెదడుని శాంతపరిచే రసాయనం, గ్రాహకాలంటే కణాల మీద దాన్ని అందుకునే తలుపుల్లాంటివి; ఈ పదార్థం గాబా జోరు పెంచుతుంది. అంత జోరుంటే తల్లి మత్తులో పడిపోవాలి, కానీ పడదు. ఎలుకల్లో చూస్తే, గర్భంలో మెదడు ఆ గ్రాహకాల్లో కొన్నిటిని తగ్గించుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కంటిపాప చిన్నదైనట్టు. కాన్పయి మాయ బయటికి రాగానే ఆ పదార్థం దాదాపు మాయమవుతుంది, గ్రాహకాలు మాత్రం వెంటనే పెరగవు. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చామన్నమాట, కంటిపాప ఇంకా చిన్నదిగానే ఉంది. తిరిగి పెంచుకోలేని ఎలుకలు తమ పిల్లల్నే పట్టించుకోలేదు. మనుషుల్లో 2000లో ఒక చిన్న ప్రయోగం చేశారు: గర్భం లేకుండానే మందులతో హార్మోన్లు పెంచి ఒక్కసారిగా ఆపేశారు. పూర్వం కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన 8 మందిలో 5గురికి మళ్లీ మనసు కుంగింది, రానివాళ్లలో ఒక్కరికీ కుంగలేదు. చీకటి అందరికీ ఒకటే, కళ్లు వేరు. కాన్పు తర్వాత డిప్రెషన్‌కి 2023లో అమెరికాలో అనుమతి పొందిన జురనలోన్ మాత్ర, 14 రోజులు వేసుకునేది, ఈ గ్రాహకాల మీదే పనిచేస్తుంది.

చీకటి గదిలో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తడబాటు తగ్గుతుంది. మహమ్మారి ఆ చేతినే తీసేసింది. నొప్పుల సమయంలో పక్కన ఒకరుంటే ఏమవుతుందని 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 పరీక్షలను 2017లో కలిపి చూశారు. నొప్పుల సమయం తగ్గింది, సిజేరియన్లు తగ్గాయి, కాన్పు గురించి చేదు జ్ఞాపకాలు తగ్గాయి. 2020 మార్చిలో న్యూయార్క్‌లో కొన్ని ఆస్పత్రులు భర్తని కూడా లోపలికి రానివ్వలేదు; ఒకరిని అనుమతించి తీరాలని అదే నెలాఖరుకు రాష్ట్రం ఆదేశించింది. పాకిస్తాన్ పల్లెల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలు, గర్భంతో ఉండగానే డిప్రెషన్‌లో ఉన్న స్త్రీల ఇళ్లకు వెళ్లి, నేర్చుకున్న పద్ధతిలో మాట్లాడితే, కాన్పయిన ఆరు నెలలకు ఇంకా డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు 23 శాతం. ఆ పద్ధతి లేని చోట 53. ఇది 2008 నాటి ఫలితం. కరోనాలో ముందు ఆగిపోయిన పనుల్లో ఇలా ఇంటికి వెళ్లడం ఒకటి.

ఇక చెల్లికి జవాబు: ఎంత భయమేస్తే అంత టిక్కు పెట్టమనండి. కారణం న్యాయమైనదా కాదా అన్నది కాగితం చదివేవాళ్లు తేల్చాలి. వాళ్లూ మొత్తం మాత్రమే చూసి పక్కన పెట్టకూడదు. భయం నిండా ఉండి, నవ్వగలుగుతున్నారా అన్న మొదటి ప్రశ్నకు 'ఎప్పటిలాగే' అన్న తల్లి ఒకరు. భయం లేదు, నవ్వూ లేదు అన్న తల్లి ఇంకొకరు. మార్కులు ఒకటే రావొచ్చు, మాట్లాడాల్సింది వేర్వేరు. పదో గడిలో సున్నా కాకుండా ఏదున్నా, మొత్తం ఎంతైనా, ఆ రోజే మాట్లాడాలి.

ఇంకో చిక్కుంది. ఈ కాగితం తల్లి ఒక్కతే, ఎవరితోనూ చర్చించకుండా నింపాలని తయారుచేసినవాళ్ల షరతు. లాక్‌డౌన్‌లో చాలామందిని ఫోన్‌లో అడిగారు. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉన్న వేళ, పక్కనే అత్తగారో అమ్మో కూర్చుని ఉండగా, పదో ప్రశ్నకు పైకి ఏమని చెబుతుంది? ఇలాంటి ఫోన్లు చేసేవాళ్లు ప్రశ్నతో పాటు నాలుగు జవాబులూ తామే చదివి, తల్లిని అంకె మాత్రం చెప్పమనాలి. స్పీకర్ ఆపమని ముందే గుర్తుచేయాలి. అప్పుడు ఆమె 'రెండు' అంటే, పక్కనున్నవాళ్లకు వినిపించేది ఒక అంకె మాత్రమే.