రోబో కన్నా ముందు నరం దొరికింది

మా బాబాయికి ప్రొస్టేట్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలాక ఆస్పత్రి కౌన్సెలర్ మా ముందు ఒక కాగితం పెట్టింది. ఆపరేషన్ ఎలా చేస్తారనేదానికి ఓపెన్ (పొట్ట కోసి), లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా), రోబోటిక్ అని మూడు లైన్లు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో ప్యాకేజీ రేటు. అన్నిటికన్నా ఎక్కువ ఉన్న మూడో లైను చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. "ఏది మంచిదమ్మా?" అని బాబాయి అడిగితే, "ఇప్పుడు అందరూ ఇదే చేయించుకుంటున్నారండీ" అంది. అందరూ దానికే ఎందుకు వెళ్తున్నారో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

క్యాన్సర్ వచ్చిన ప్రొస్టేట్‌ని పూర్తిగా తీసేసే ఆపరేషన్‌ని 1904లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ మొదలుపెట్టాడు. కానీ ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా రోగులే కాదు, డాక్టర్లు కూడా దానికి జంకుతూనే ఉన్నారు. పెద్ద ఉసిరికాయంత గ్రంథి అది. మూత్రాశయం కింద, కటి ఎముకల మధ్య లోతుగా ఇరుక్కుని ఉంటుంది. కోస్తే రక్తం ధారగా పోయేది. బతికి బయటపడినవాళ్లలో చాలామందికి మూత్రం మీద పట్టు పోయేది. దాంపత్య జీవితం దాదాపు అందరికీ ముగిసేది.

దీన్ని మార్చింది ఏ యంత్రమూ కాదు. 1981లో అదే జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన ప్యాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లాడు. అక్కడ పీటర్ డాంకర్ అనే రిటైరైన యూరాలజిస్ట్ (మూత్ర సంబంధ వ్యాధుల డాక్టర్), చనిపోయి పుట్టిన మగశిశువుల దేహాల్లో నరాల దారిని వెతుకుతున్నాడు. పెద్దవాళ్లలో కొవ్వు వల్ల కనిపించని సన్నటి నరాలు శిశువుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. ఇద్దరూ కలిసి చూస్తే, అంగస్తంభనకు కావలసిన నరాలు ప్రొస్టేట్ లోపలి నుంచి కాక దాని పక్కనుంచి పోతున్నాయని తేలింది. అంటే వాటిని తప్పించి గ్రంథిని తీయొచ్చు. 1982 ఏప్రిల్ 26న వాల్ష్ 52 ఏళ్ల వ్యక్తికి అలాగే తీశాడు. నరాలు కాపాడే ఆపరేషన్ అంటే రోబోటిక్ అనుకుంటారు చాలామంది. ఆ పద్ధతి రోబో కన్నా పద్దెనిమిదేళ్లు పెద్దది.

రోబో ఎక్కడ అక్కరకొస్తుందో తెలియాలంటే కిడ్నీతో పోల్చి చూడాలి. దాని కథ వేరు. 1869లోనే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ ఒక కిడ్నీ తీసేసి, మనిషి రెండో దానితో బతకగలడని చూపించాడు. 1990లో సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ బృందం 85 ఏళ్ల ముసలావిడకు చిన్న రంధ్రాల గుండా, లాప్రోస్కోపీతో గడ్డ ఉన్న కిడ్నీని తీసింది. రక్తనాళాలు మూసి, కిడ్నీని విడదీసి, సంచిలో వేసి బయటకు లాగితే పని అయిపోతుంది. లోపల కుట్లతో పెద్దగా పని లేదు.

ప్రొస్టేట్‌కి అలా కుదరదు. గ్రంథిని తీశాక మూత్రాశయాన్ని మూత్రనాళానికి తిరిగి కలిపి కుట్టాలి. లాప్రోస్కోపీ పనిముట్లు పొడుగు పుల్లల్లాంటివి, వాటికి మణికట్టు ఉండదు. ఆ ఇరుకులో సూది తిప్పడమంటే నరకమే. ఈ దారి మొదట తొక్కిన అమెరికన్ డాక్టర్లు తొమ్మిది ఆపరేషన్లు చేసి, ఒక్కోదానికి సగటున తొమ్మిది గంటలకు పైనే పట్టిందనీ, ఓపెన్ కన్నా దీనివల్ల ఒరిగేది లేదనీ 1997లో రాశారు. ప్యారిస్ డాక్టర్లు పట్టుదలగా దాన్ని దారిలో పెట్టారు కానీ, నేర్చుకోవడం అందరి వల్లా కాలేదు.

సరిగ్గా అప్పుడు రోబో దిగింది. నిజానికి దీని పుట్టుక వేరే పని కోసం. యుద్ధభూమిలో గాయపడిన సైనికుడికి దూరంగా ఉన్న సర్జన్ ఆపరేషన్ చేయగలగాలని అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టింది. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ తయారుచేసిన ఆ పరికరం ఆధారంగా 1995లో ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ పుట్టింది. వాళ్ల గురి గుండె బైపాస్ మీద. చివరికి వాళ్ల డావిన్సీ రోబో స్థిరపడింది మాత్రం ప్రొస్టేట్ దగ్గర.

పేరుకు రోబో అన్నా, అది తనంతట తాను ఏమీ చేయదు. సర్జన్ కొంచెం దూరంలో కన్సోల్ ముందు కూర్చుని, అద్దాలకు కళ్లు ఆనించి, వేళ్లను పట్టీల్లో పెట్టి, కాళ్లతో పెడళ్లు తొక్కుతాడు. ఆయన మణికట్టు తిప్పితే రోగి పొట్టలోని పనిముట్టు కొసన ఉన్న బుల్లి మణికట్టు తిరుగుతుంది. చేతి వణుకు లోపలికి చేరదు. లాప్రోస్కోపీలో కొరుకుడుపడని ఆ కుట్టు దీంతో సులువైంది.

2000లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోబోతో తొలి ప్రొస్టేట్ ఆపరేషన్ జరిగింది. దాన్ని రోజువారీ పనిగా మార్చింది మాత్రం డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి. అక్కడి యూరాలజీ పెద్ద కేరళలో పుట్టిన మణి మీనన్, డబ్బు ఇచ్చింది మన తెలుగువాడు రాజ్ వట్టికూటి. ఐటీలో సంపాదించిన దాంట్లోంచి ఆ ఆస్పత్రికి 2 కోట్ల డాలర్లు ఇచ్చారాయన. వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ అన్న పేరు ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. ఆ ఇంటిపేరు ఇంగ్లిష్ వైద్య పత్రికల్లో కనబడినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది. మన దేశంలో 2006లో ఢిల్లీ ఎయిమ్స్ యూరాలజీలో రోబో మొదలైంది. హైదరాబాద్ నిమ్స్‌కి 2023లో వచ్చింది.

మరి ఫలితాలు? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి, ఒకరికి ఓపెన్, ఒకరికి రోబోటిక్ చేశారు. రోబోతో రక్తం తక్కువ పోయింది, ఇంటికి త్వరగా వెళ్లారు. కానీ మూత్రం మీద పట్టు, దాంపత్య జీవితం రెండేళ్ల తర్వాత కూడా రెండు గుంపుల్లో ఒకలాగే ఉన్నాయి. కిడ్నీ మొత్తం తీసేసే ఆపరేషన్లలో అమెరికాలో రోబో వాటా 2003లో 1.5 శాతం ఉంటే 2015కి 27 శాతానికి పెరిగింది. లాప్రోస్కోపీతో పోల్చితే పెద్ద కాంప్లికేషన్లు తగ్గలేదు, ఖర్చు మాత్రం పెరిగింది. అందుకే కిడ్నీ మొత్తం తీయడానికి రోబో కావాలంటే ఎందుకని గట్టిగా అడగాలంటాను. గడ్డ వరకే కోసి మిగతా కిడ్నీని కాపాడే ఆపరేషన్ అలా కాదు. రక్తనాళానికి క్లాంప్ వేసి, సుమారు 25 నిమిషాల్లోపు గడ్డ కోసి, కుట్లు వేసి, మళ్లీ రక్తం వదలాలి. అక్కడ ఆ బుల్లి మణికట్టు ప్రతి నిమిషానికీ అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి, కౌన్సెలర్ కాగితంలో లేనిది. బ్రిటన్‌లో తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 1,643 మందిని కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి కేవలం పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం అని పంచారు. పదిహేనేళ్ల తర్వాత ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ సుమారు 2, 3 శాతమే. కాబట్టి తక్కువ రిస్కు ఉన్నవాళ్లు ఆగి చూడటం కూడా ఒక వైద్యమే. బాబాయిది ఆగే రకం కాదు. ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌ని అడిగి, ఆయన చెప్పిన జవాబు నమ్మి రోబోటిక్‌కే వెళ్లాం.

ఖర్చు ఎందుకంటే యంత్రం ధర కోట్లలో, పైన ఏటేటా సర్వీసు. చాలా పనిముట్లను పది ఆపరేషన్లకే పనిచేసేలా చిప్‌తో కట్టడి చేశారు చాలాకాలం. గురుగ్రామ్‌లో తయారయ్యే ఎస్ఎస్ఐ మంత్ర లాంటి రోబోలు వచ్చాక ధర దిగుతుందన్న ఆశ ఉంది. రోబోటిక్ సర్జరీని ఆరోగ్య బీమా పాలసీలోంచి తీసేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కానీ దానికి విడిగా ఒక పరిమితి పెట్టుకోవడానికి బీమా కంపెనీలకు వీలుంది. బాబాయి పాలసీలో ఆ లైను ఉందని మాకు డిశ్చార్జి రోజున, క్యాథెటర్ సంచి చేత్తో పట్టుకుని ఆయన బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది.