డబ్బా మీది భూతం ఎవరిది? డబ్బా ఎవరిది?

చిరంజీవులకు దీవెనలు.

మీ కంపాస్ బాక్సులోంచి ఒక నటరాజ్ పెన్సిలు, ఒక అప్సర పెన్సిలు తీసి పక్కపక్కన పెట్టండి. పేర్లు రెండు, రంగులు వేరు. చేసిన కంపెనీ మాత్రం ఒకటే, హిందుస్తాన్ పెన్సిల్స్. ఇప్పుడు ఛోటా భీమ్ బొమ్మ ఉన్న టిఫిన్ డబ్బా సంగతి చూద్దాం. అసలు సరుకైతే దాని మీద గ్రీన్ గోల్డ్ పేరు ఉంటుంది. అది హైదరాబాదులోని యానిమేషన్ సంస్థ. భీముడి బొమ్మ వాళ్లది, డబ్బా పోత పోసింది ఇంకొకరు. బొమ్మ వేసుకోమని అనుమతి ఇవ్వడం వరకే బొమ్మ సొంతదారు పని.

ఈ తేడా పట్టుబడితే ఈ ఉత్తరంలో సగం మీకు వచ్చేసినట్టే. అమెరికాలో ఉన్న మీలో కొందరు, ఇళ్ల ముందు పాత సామాను పెట్టి అమ్మే గరాజ్ సేల్స్‌లో పాత భూతాల లంచ్ బాక్సులు, పెన్సిళ్లు, రబ్బర్లు చూసి, వీటిని ఎవరు చేశారని అడుగుతున్నారు. చాలామంది పెద్దవాళ్లు కూడా తమకు ముందు కనిపించిన పేరునే తయారీదారు పేరు అనుకుంటారు. ముందు కనిపించేది దాదాపు ఎప్పుడూ బొమ్మ సొంతదారు పేరే.

బడి సామానులోకి భూతాలు ఎలా దూరాయో ముందు చెప్తాను. 1930లలో యూనివర్సల్ స్టూడియో డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ సినిమాలు తీసింది. 1957లో ఆ సంస్థ పాత భయానక చిత్రాలు 52 ఒక కట్టగా అమెరికన్ టీవీకి వచ్చాయి. తాతల కాలం నాటి దయ్యాలు మనవల గదుల్లోకి వచ్చి కూర్చున్నాయి. 1964 సెప్టెంబరులో ఒకే నెలలో రెండు భూతాల కుటుంబాలు టీవీలో మొదలయ్యాయి, ఒకటి మన్‌స్టర్స్, ఇంకొకటి ఆడమ్స్ ఫ్యామిలీ. ఇక లంచ్ బాక్సుల కంపెనీలు ఊరుకుంటాయా?

ఏ వస్తువు మీదైనా మూడు పేర్లు ఉండవచ్చు. బొమ్మ హక్కుదారు, చేసినవాడు, అమ్మినవాడు. వలయంలో 'సి' అక్షరం ఉండి, దాని పక్కన పేరు ఉంటే అది హక్కుదారు. ఊరి పేరుతోనో 'తయారీ' అన్న మాటతోనో ఉంటే తయారీదారు అయ్యే అవకాశం ఎక్కువ. సియర్స్ వంటి దుకాణాల కేటలాగుల్లో కనిపించే పేరూ నంబరూ అమ్మినవాడివి. ఆ నంబరు పట్టుకుని ఫ్యాక్టరీని వెతకడం దండగ.

1965 నాటి మన్‌స్టర్స్ లంచ్ బాక్సునే తీసుకోండి. హక్కు గుర్తు దగ్గర 'కేరో-వ్యూ ప్రొడక్షన్స్' అని ఉంటుంది. అది ఆ టీవీ కార్యక్రమం తీసిన సంస్థ, రేకు డబ్బాలతో దానికి సంబంధం లేదు. చేసింది కింగ్-సీలీ థర్మోస్, కనెటికట్ రాష్ట్రంలోని నార్విచ్ ఊరి కంపెనీ. అంతకు ముందు దాని పేరు అమెరికన్ థర్మోస్. 1960లో కింగ్-సీలీ కొనేసింది. కాబట్టి కింగ్-సీలీ పేరున్న ఏ డబ్బా కూడా 1960కి ముందుది కాదు. వీళ్ల పెద్ద పోటీదారు టెనెసీలోని నాష్‌విల్‌లో ఉన్న అలాడిన్ ఇండస్ట్రీస్. 1979 నాటి 'యూనివర్సల్స్ మూవీ మాన్‌స్టర్స్' డబ్బా అలాడిన్‌దే. అలాడిన్ 1962 నుంచి రేకు మీద బొమ్మను ఉబ్బెత్తుగా వచ్చేట్టు అచ్చు ఒత్తడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.

ఆడమ్స్ ఫ్యామిలీ డబ్బాతో జాగ్రత్త. కార్యక్రమం 1964ది కాబట్టి డబ్బా కూడా అప్పటిదే అనేస్తారు. బొమ్మ చూడండి, మనుషుల ముఖాలు కాదు, కార్టూన్ ముఖాలు. 1973లో వచ్చిన కార్టూన్ రూపం అది. డబ్బా 1974ది, కింగ్-సీలీ థర్మోస్ చేసింది. బొమ్మ ఏ రూపానిదో చూడకుండా పేరు చూసి ఏడాది చెప్పేస్తే పదేళ్లు తప్పుతారు.

'యూనివర్సల్' అన్న మాట దగ్గర ఇంకో గుంట ఉంది. కనెటికట్‌లోనే న్యూ బ్రిటన్ ఊళ్లో లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ అనే వంటసామాను కంపెనీ ఉండేది. తన ఫ్లాస్కుల మీద, లంచ్ బాక్సుల మీద అది వేసుకున్న బ్రాండు పేరే 'యూనివర్సల్'. సినిమా స్టూడియోకూ దానికీ చుట్టరికం లేదు. హక్కు గుర్తు పక్కన ఉంటే స్టూడియో, ఫ్లాస్కు అడుగున న్యూ బ్రిటన్ ఊరి పేరుతో ఉంటే ఈ కంపెనీ.

స్టూడియో పేరు రాసిన తీరు కూడా కాలం చెప్తుంది. 1960ల మొదట్లోని భూతాల సరుకు మీద 'యూనివర్సల్ పిక్చర్స్ కంపెనీ' అని ఉంటుంది, 1970ల సరుకు మీద 'యూనివర్సల్ సిటీ స్టూడియోస్' అని ఉంటుంది. ఇంత చిన్న తేడాతో ఒక దశాబ్దం తేలిపోతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం ఇదే.

హక్కు గుర్తు పక్కనున్న ఏడాది మాత్రం వస్తువు పుట్టిన ఏడాది కాదు. బొమ్మకు హక్కు మొదలైన ఏడాది అది. వస్తువు ఆ ఏటికి ముందుది కాదని మాత్రమే దాన్నిబట్టి చెప్పగలం. ఇరవై ఏళ్ల తర్వాతిది కావచ్చు. అందుకని చిరునామా కూడా చూడాలి. అమెరికాలో 1943 నుంచి పెద్ద నగరాల పేర్ల పక్కన ఒకటి రెండు అంకెల పోస్టల్ జోన్ వేసేవారు. 1963 జులై 1 నుంచి ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. మన పాత సామాను మీద 'హైదరాబాద్-1' అని ఉంటే ఒక కాలం, 1972లో వచ్చిన ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఇంకో కాలం అయినట్టే. పేటెంటు నంబరు ఉంటే అదీ రాసుకోండి. అమెరికాలో 30 లక్షల నంబరు 1961లో, 40 లక్షల నంబరు 1976లో ఇచ్చారు. కాకపోతే పేటెంటు డబ్బా గొళ్లానికి మాత్రమే సంబంధించినది కావచ్చు, బొమ్మకు కాదు.

ఒకటి రెండు అంకెలు విడిగా కనిపిస్తే ఏడాది అనుకోకండి. ప్లాస్టిక్ వస్తువు లోపల '62' అని ఉంటే అది పోత పోసిన అచ్చు నంబరు కావచ్చు.

పెన్సిళ్ల దగ్గరకు వద్దాం. హాస్‌బ్రో పేరు మీకు బొమ్మల కంపెనీగానే తెలుసు. అది 1923లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో హాసెన్‌ఫెల్డ్ బ్రదర్స్‌గా మొదలైంది. మొదట గుడ్డ ముక్కలు అమ్మేవారు, తర్వాత పెన్సిల్ పెట్టెలు, బడి సామాను చేశారు. బొమ్మలు ఆ తర్వాతి సంగతి. 1963లో యూనివర్సల్ భూతాలతో ఆటలు కూడా తెచ్చారు. కంపెనీ పేరు హాస్‌బ్రో ఇండస్ట్రీస్‌గా మారింది 1968లో. కాబట్టి పెట్టె మీద 'హాసెన్‌ఫెల్డ్' అని ఉంటే సాధారణంగా అంతకు ముందుదే. వాళ్ల చేతిలోనే ఎంపైర్ పెన్సిల్ కంపెనీ కూడా ఉండేది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ షార్ప్‌నర్ మీద 'ఎంపైర్ మేడ్' అని చూసి ఈ పెన్సిల్ కంపెనీదే అంటారు. కాదు. బ్రిటన్ మార్కెట్టుకు వెళ్లే హాంకాంగ్ సరుకు మీద వేసిన ముద్ర అది.

హాంకాంగ్ అని మాత్రమే రాసి, మరే పేరూ లేని రబ్బర్లు, షార్ప్‌నర్లు బోలెడు దొరుకుతాయి. దీనికి కారణం ఉంది. అమెరికాలోకి వచ్చే సరుకు మీద ఏ దేశంలో చేసిందో రాయాలని 1930 నాటి సుంకాల చట్టం కోరింది, ఫ్యాక్టరీ పేరు రాయమని కోరలేదు. రాయకపోతే నేరం కాదు కాబట్టి రాయలేదు. అలాంటివాటికి అట్ట ప్యాకెట్టే దిక్కు, దాని మీద దిగుమతిదారు పేరు దొరకవచ్చు. కాలిఫోర్నియాకు చెందిన డీనర్ ఇండస్ట్రీస్ రబ్బరు బొమ్మల మీద మాత్రం 'డీనర్' అని సన్నగా అచ్చయి ఉంటుంది, వీపునో పాదం కిందనో వెతకండి. నోటుపుస్తకాల అట్టలకు అంటించే స్టిక్కర్ల మీద 'టి.సి.జి.' అని ఉంటే అది టాప్స్ చ్యూయింగ్ గమ్ కంపెనీ. 1965లో అది వికారమైన ముఖాల స్టిక్కర్లు తెచ్చింది.

ఇక చేతిపని. పగటి వెలుతురులో కిటికీ పక్కన మెత్తటి గుడ్డ పరిచి కూర్చోండి. పది రెట్లు పెంచి చూపే భూతద్దం, టార్చిలైటు, ట్రేసింగ్ పేపరు, 2బి పెన్సిలు, కొంచెం టాల్కమ్ పౌడరు చాలు. లంచ్ బాక్సులో ముద్ర చాలావరకు బొమ్మ కింది అంచునో, పక్కల చుట్టూ తిరిగే పట్టీ మీదో, కీలు దగ్గరో ఉంటుంది. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, రేకుకు దాదాపు ఆనించి వెయ్యండి. అప్పుడే లోతు అక్షరాలకు నీడ పడి పైకి తేలతాయి. రబ్బరు మీద అక్షరాలు కనబడకపోతే వేలితో చిటికెడు పౌడరు రుద్ది, పైపైన తుడిచెయ్యండి. గుంటల్లో పౌడరు నిలిచి అక్షరం తెల్లగా కనిపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ అయితే ట్రేసింగ్ పేపరు పెట్టి పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి. అచ్చేసిన కాగితం మీద, రంగు రేగుతున్న రేకు మీద ఈ రెండూ చెయ్యకండి.

ఫ్లాస్కును విడిగా చూడండి. డబ్బా, ఫ్లాస్కు ఒకే కంపెనీ నుంచి జతగా వచ్చేవి. లోపలి గాజు కిందపడితే పగిలిపోతుంది, అప్పుడు ఇంకో డబ్బాది తెచ్చి పెట్టేవారు. డబ్బా మీద అలాడిన్, ఫ్లాస్కు అడుగున కింగ్-సీలీ ఉంటే జత కలిపింది ఎవరో తర్వాతివారు. ఊపితే లోపల గలగలమంటే గాజు పగిలిందన్నమాట. మూత తియ్యకుండా పెద్దవాళ్లకు ఇచ్చెయ్యండి.

పెన్సిలు తలకు తొడిగిన భూతం తొడుగును లాగకండి. పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది, పెళుసుగా విరుగుతుంది. పైగా కింది పెన్సిలు తర్వాత మార్చింది కావచ్చు, దాని పేరు తొడుగుకు వర్తించదు. మెత్తటి వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) రబ్బర్లను ప్లాస్టిక్ పెట్టెలో ఒకదానికొకటి తగిలేలా దాచకండి. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి ఊరి పక్క ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రెండూ అతుక్కుపోతాయి. ఒక్కోదాన్నీ విడిగా తెల్లకాగితంలో చుట్టండి. నెయిల్ పాలిష్ రిమూవరు, థిన్నరు దగ్గరికి రానివ్వకండి, మీరు వెతికే ముద్రే ముందు కరిగిపోతుంది. రేకు డబ్బాను నీళ్లలో ముంచితే మడతల్లోకి తడి చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది. తడి దూదితో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దండి.

కొత్తగా చేసిన నకళ్లూ ఉన్నాయి. వెబ్‌సైటు చిరునామా ఉంటే పాతది కానే కాదు. బార్ కోడ్ దుకాణాల్లోకి వచ్చింది 1974లో, కాబట్టి డబ్బా మీదే అది అచ్చయి ఉంటే 1965 నాటిదన్న మాట నమ్మకండి. అసలు పాత డబ్బాకు ముందు చదును రేకు మీద బొమ్మ అచ్చేసి, తర్వాత వంచారు. అందుకని రంగు మూలల మీదుగా తెగకుండా సాగిపోతుంది. స్టిక్కరు అంటించినదైతే మూలలో కాగితం అంచు గోటికి తగులుతుంది.

ఈ డబ్బాల్లో అన్నం పెట్టుకోకండి. పిల్లల వస్తువుల రంగుల్లో సీసం (లెడ్) అనే విష లోహాన్ని అమెరికా 1978లో కట్టడి చేసింది, అంతకు ముందువాటిలో ఉండవచ్చు. చూడటం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

చూసిన ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించండి. కొలతలు, ముద్ర ఉన్న చోటు, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, హక్కుదారు, తయారీదారు, అమ్మినవారు. తయారీదారు గడిలో రాయడానికి వస్తువు మీది ముద్రకు మొదటి చోటు, అట్ట ప్యాకెట్టుకు రెండో చోటు, పాత ప్రకటనకు మూడో చోటు. 'అచ్చం అలాడిన్ డబ్బాలాగే ఉంది' అన్నది ఆధారం కాదు, ఆ గడిలో రాయకండి. దాన్ని కింద వేరే పెన్సిలుతో, రేపు చెరిపేయడానికి వీలుగా రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య