అడుగు బురదను చదివిన నౌక ఎందుకు ఆగిపోయింది?

2024 ఆగస్టులో ‘జోయిడెస్ రిజల్యూషన్’ అనే నౌక ఆర్కిటిక్ దగ్గర, ఫ్రామ్ జలసంధి తూర్పు వైపున తన చివరి శాస్త్ర యాత్ర ముగించింది. అప్పటికి అది దాదాపు నలభై ఏళ్ళుగా ఒకే పని చేస్తోంది. సముద్రం అడుగున బోర్లు వేసి మట్టినీ రాతినీ పైకి తీయడం. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్ళు తక్కువే. కానీ గోదావరి కలిసే చోటికి ఎదురుగా, సముద్రంలో అది తీసిన బురద మన నేల గురించే చాలా చెప్పింది. అమెరికా నిధులు ఆపేయడంతో నౌక ఆగిపోయింది. ఆ నిర్ణయం అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1957లో కొందరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక ప్రతిపాదన తెచ్చారు. భూమి పైపొరను చీల్చుకుని, దాని కిందున్న మాంటిల్ అనే రాతి పొర దాకా బోరు వేద్దామని. వాళ్ళలో వాల్టర్ మంక్, హ్యారీ హెస్ ముఖ్యులు. నేల మీద పైపొర పదుల కిలోమీటర్ల మందం ఉంటుంది. సముద్రం కింద అది చాలా పలచన, కాబట్టి తవ్వేది అక్కడే. ఈ పథకానికి మొహోల్ అని పేరు పెట్టారు. 1961లో మెక్సికో దగ్గరి గ్వాడలూప్ ద్వీపం పక్కన కస్-1 అనే బార్జి మీద ప్రయత్నం చేశారు. అక్కడ నీళ్ళ లోతు మూడున్నర కిలోమీటర్లకు పైనే. అంత లోతులో లంగరు వేసి నిలబడడం కుదరదు. అందుకని బార్జికి నాలుగు మోటార్లు బిగించి, చుట్టూ తేలే బోయాలను చూసుకుంటూ దాన్ని ఒకే చోట నిలబెట్టారు. అడుగు నుంచి 183 మీటర్లు తవ్వి, చివర్లో నల్లరాయి ముక్క పైకి తెచ్చారు. మాంటిల్ మాత్రం దొరకలేదు. ఖర్చు అంచనాలు పెరుగుతూ పోయాయి, 1966లో అమెరికన్ కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. ఈ రంగం డబ్బు చాలక ఆగడం అదే మొదటిసారి.

పథకం పోయినా, కదలకుండా నిలబడే విద్య మిగిలింది. 1968లో గ్లోమార్ ఛాలెంజర్ అనే నౌక దాన్ని ఆధారం చేసుకునే బయల్దేరింది. మూడో యాత్రలోనే దక్షిణ అట్లాంటిక్‌లో వరుసగా బోర్లు వేసింది. సముద్రం మధ్యనున్న గట్టు నుంచి దూరం వెళ్ళేకొద్దీ అడుగు పొర వయసు పెరుగుతూ పోయింది. సముద్రం అడుగు నడిమి నుంచి విచ్చుకుంటోందన్న వాదనకు అంత సూటి సాక్ష్యం అంతకుముందు లేదు. అయితే ఆ నౌకకు ఒక పెద్ద చిక్కు ఉండేది. తిరిగే డ్రిల్లు మెత్తటి బురదను కలిపేసేది, పైకి వచ్చేసరికి పొరలన్నీ కలగాపులగం. 1979లో గొట్టాన్ని తిప్పకుండా నీటి ఒత్తిడితో ఒక్కసారిగా లోపలికి దించే పద్ధతి వచ్చాక పొరలు చెదరకుండా రావడం మొదలైంది. వాతావరణ చరిత్ర రాయడానికి ఈ మార్పే దారి తెరిచిందని నా ఉద్దేశం.

జోయిడెస్ రిజల్యూషన్ 1978లో చమురు బావుల కోసం తయారైన నౌక. అప్పటి పేరు సెడ్కో/బీపీ 471. 1985 జనవరి నుంచి అద్దెకు తీసుకుని శాస్త్రానికి వాడారు. పొడవు 143 మీటర్లు, నడిమిలో పెద్ద ఇనుప టవరు, దాని కింద నౌక పొట్టలో సముద్రంలోకి తెరుచుకునే కంత. మన ఊళ్ళల్లో బోరు బండి పైపు మీద పైపు బిగించుకుంటూ దించినట్టే ఇక్కడా దించుతారు. తేడా ఏమిటంటే, అడుగు తగలడానికే కిలోమీటర్ల పైపు కావాలి.

నౌక మీద సుమారు 120 మంది ఉండేవారు. శాస్త్రవేత్తలు 30 మంది దాకా, మిగతావాళ్ళు టెక్నీషియన్లు, డ్రిల్లర్లు, వంటవాళ్ళు, నావికులు. యాత్ర మామూలుగా రెండు నెలలు. పన్నెండు గంటల షిఫ్టు, వారాంతపు సెలవు అనే మాటే ఉండేది కాదు. ఆరు గంటలకోసారి భోజనం పెట్టేవారు కాబట్టి ఒకరి టిఫిన్ వేళకు పక్క బల్ల మీద ఇంకొకరు రాత్రి భోజనం చేస్తుండేవారు. మద్యం నిషేధం. షిఫ్టు మారేటప్పుడు జరిగే చిన్న సమావేశంలో దిగిపోయేవాళ్ళు ఎక్కేవాళ్ళకు అంతా అప్పజెప్పేవారు. ఒకే విభాగంలో పనిచేసే ఇద్దరు రోజు మొత్తంలో సరిగ్గా కలుసుకునేది ఆ కాసేపే.

ఈ పనులన్నిటికీ లయ కట్టేది స్పీకరులో వినబడే ఒక్క కేక: ‘కోర్ ఆన్ డెక్!’ పైపు లోపలి ప్లాస్టిక్ గొట్టంలో తొమ్మిదిన్నర మీటర్ల బురద పైకి వచ్చిందని దానర్థం. లోతు తక్కువైతే గంటలోపే మరొకటి వస్తుంది. హెల్మెట్లు పెట్టుకున్న టెక్నీషియన్లు వరుసగా నిలబడి గొట్టాన్ని ఒకటిన్నర మీటర్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకూ పై కొసకు నీలం మూత, కింది కొసకు రంగు లేని మూత. మధ్యలో ఎవరైనా నమూనా కోసం ముక్క తీసుకుంటే అక్కడ పసుపు మూత. తల ఏదో తోక ఏదో తారుమారైతే లక్షల ఏళ్ళ చరిత్ర తలకిందులవుతుంది కాబట్టి ఈ మూతల విషయంలో ఎవరూ రాజీపడరు. ఈలోగా గొట్టం అడుగున మిగిలిన పిడికెడు మట్టిని సూక్ష్మశిలాజాల నిపుణులు పట్టుకుపోతారు. కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ పొర ఏ కాలానిదో చెప్పేస్తారు. ఇంకా ఎంత లోతు తవ్వాలో తేల్చుకోవడానికి అది చాలా అవసరం.

తర్వాత ప్రతి ముక్కనూ నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం అప్పటి పరిశోధనకు, రెండోది దాచిపెట్టడానికి. యాత్రలో ఉన్నవాళ్ళకు మొదట కొంతకాలం గడువిచ్చి, ఆ తర్వాత ప్రపంచంలో ఏ పరిశోధకుడు అడిగినా నమూనా ఇస్తారు. అమెరికా, జర్మనీ, జపాన్‌లలోని మూడు గిడ్డంగుల్లో ఈ మట్టి చల్లటి గదుల్లో భద్రంగా ఉంది. ఇంత పెద్ద యంత్రాంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ దాచిపెట్టే పద్ధతే. ఇప్పుడు అడగడం చేతకాని ప్రశ్నలను రేపు ఎవరో అడుగుతారన్న నమ్మకం అందులో ఉంది.

అలాంటి అనుకోని ప్రశ్నలకు మంచి ఉదాహరణ మన తీరంలోనే ఉంది. 2006లో భారత ప్రభుత్వ గ్యాస్ హైడ్రేట్ల కార్యక్రమం కోసం ఈ నౌక వచ్చింది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు దాకా 113 రోజులకు పైగా పనిచేసి 21 చోట్ల 39 బోర్లు వేసింది. గ్యాస్ హైడ్రేట్ అంటే మంచులాంటి నీటి గూడులో చిక్కుకున్న మీథేన్. లోతులోని ఒత్తిడి, చల్లదనం ఉన్నంతవరకే అది గట్టిగా ఉంటుంది. పైకి తెస్తుంటే కరిగి గ్యాసైపోతుంది, గొట్టంలోంచి బురదను బయటికి నెట్టేస్తుంది కూడా. కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కాబట్టి, డెక్ మీదికి రాగానే గొట్టం పొడవునా ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తిప్పి చల్లటి చోట్లు పట్టుకునేవారు. అక్కడ గబగబా కోసి ద్రవ నైట్రోజన్‌లో వేసేవారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో పదో నంబరు చోట ఏకంగా 128 మీటర్ల మందంలో హైడ్రేట్లు కనిపించాయి. పత్రికలు దీన్ని రేపటి ఇంధనంగా రాశాయి. అది ఇంకా ఏ పొయ్యికీ చేరలేదు.

అదే యాత్రలో పదహారో నంబరు చోట తీసిన బురద మాత్రం వేరే దారి పట్టింది. గోదావరి మోసుకొచ్చిన ఆకుల మైనం ఆ పొరల్లో నిలిచి ఉంది. అందులోని కార్బన్‌ను బట్టి ఒడ్డున ఎలాంటి మొక్కలు పెరిగాయో తెలుస్తుంది. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం సుమారు 4,000 ఏళ్ళ క్రితం నుంచి నదీ పరివాహక ప్రాంతంలో ఎండను తట్టుకునే మొక్కలు పెరిగాయి, 1,700 ఏళ్ళ క్రితం నుంచి ఇంకా ఎక్కువయ్యాయి. 2017లో అదే బురదను చూసిన మరో అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. వానలు తగ్గుతున్న కాలంలో నది తెచ్చే మట్టి మాత్రం పెరిగింది. నేల మీది పచ్చదనం తగ్గడం, దాంతోపాటు మనుషుల సాగు విస్తరించడం దీనికి కారణమని వాళ్ళ వాదన. గ్యాస్ కోసం వెళ్ళిన నౌక దక్కన్ రైతు చరిత్ర తెచ్చిందన్నమాట.

2014 చివర్లో నౌక మళ్ళీ బంగాళాఖాతానికి వచ్చింది, ఈసారి ఋతుపవనాల కోసమే. మహానది ముఖద్వారం ఎదుట తీసిన మట్టితో గత 9 లక్షల ఏళ్ళ వానల లెక్క కట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కాలాల్లో వానలూ పెరిగాయని 2021లో ప్రచురించారు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళు చెబుతున్న జోస్యానికి అది గతం నుంచి దొరికిన సాక్ష్యం.

మరి ఎందుకు ఆపారు? నౌక నడపడానికి ఏటా 7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. ఎక్కువ భాగం అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ భరించేది, మిగతాది భాగస్వామ్య దేశాల నుంచి రావాలి. ఖర్చులు పెరిగాయి, ఆ వాటాలు సరిపోలేదు. పర్యావరణ అనుమతి 2028 దాకా ఉన్నా, 2024 సెప్టెంబరు తర్వాత కొనసాగించబోమని 2023 మార్చిలో ఫౌండేషన్ ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది వారాలకే అట్లాంటిక్ మధ్యలో ఈ నౌక మాంటిల్ రాతిలోకి 1,268 మీటర్లు దిగింది. భూమి పలకల కదలికల వల్ల అక్కడ ఆ రాయి అడుగు పైభాగానికే వచ్చి ఉంది. మొహోల్ వాళ్ళు కలగన్న దారి ఇది కాదు. అయినా అంత పొడవున మాంటిల్ రాయి అంతకుముందు ఎన్నడూ పైకి రాలేదు. నిర్ణయం మాత్రం మారలేదు.

ఇప్పుడు జపాన్‌కు చిక్యూ అనే ఇలాంటి నౌక ఉంది, 2015లో మన రెండో హైడ్రేట్ యాత్ర దాని మీదే జరిగింది. చైనా 2024 నవంబరులో మెంగ్ షియాంగ్ అనే నౌకను రంగంలోకి దించింది. యూరప్, జపాన్ కలిసి 2025 నుంచి సముద్రం అడుగున బోర్లు వేసే కొత్త కార్యక్రమం నడుపుతున్నాయి. శాస్త్రం కోసం ఇంత లోతున బోరు వేసే సొంత నౌక మనకు లేదు. 2021లో ఆమోదించిన 4,077 కోట్ల రూపాయల డీప్ ఓషన్ మిషన్‌లో ఎక్కువగా మాట్లాడుకునేది మనుషుల్ని తీసుకెళ్ళే జలాంతర్గామి మత్స్య 6000 గురించే. కోర్‌ను ఎలా చీల్చాలో, మూత ఎటు పెట్టాలో కుర్ర పరిశోధకులు నేర్చుకునేది ఇలాంటి డెక్ మీద రాత్రి షిఫ్టుల్లోనే. అలాంటి నౌకల్లో చోటు కోసం మన వాళ్ళు ఇక టోక్యో వైపో బీజింగ్ వైపో చూడాలి.