చెవి తమ్మెలో ఆరు వారాల పని

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో బిడ్డకి చెవులు కుట్టించే మాట రాగానే మొదట తేలాల్సింది ఎవరి చేత కుట్టించాలన్నదే. "మా కాలంలో కంసాలాయన ఒక్క పోటు పొడిచీసీవోడు, ఏటీ అవనేదు" అంటుంది నాన్నమ్మ. "ఇప్పుడందరూ గన్‌తోనే కుట్టిస్తున్నారు అత్తయ్యా, నొప్పి కూడా తెలీదట" అంటుంది కోడలు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టే విషయంలో మాత్రం ఎవరికీ పేచీ ఉండదు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఇద్దరూ వాదించుకునేది ఒక్క సెకనులో అయిపోయే పని గురించి. తమ్మెలో అసలు పని ఆ తర్వాత మొదలై ఆరు వారాలు నడుస్తుంది. చీము పట్టడం, పోగు వెనక బిగించే మర లోపలికి కూరుకుపోవడం లాంటి తిప్పలు చాలావరకు ఆ రోజుల్లోనే వస్తాయి.

సూది దిగినప్పుడు ముందు చర్మం, దాని వెనక కొవ్వు, పీచులాంటి కణజాలం, మళ్లీ అవతలి చర్మం తెగుతాయి. తమ్మెకి రక్తం బాగా అందుతుంది కాబట్టి గాయం తొందరగానే మానుతుంది. మామూలు గాయమైతే అంచులు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. ఇక్కడ మధ్యలో పోగు అడ్డం ఉంది. అంచులు కలిసే దారి లేక ముందువైపు చర్మకణాలు, వెనకవైపు చర్మకణాలు రంధ్రం గోడల మీదుగా లోపలికి పాకి మధ్యలో కలుసుకుంటాయి. అలా లోపలంతా చర్మంతో పూత పడిన సన్నని గొట్టం తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పైకి ఎంత చక్కగా కనిపించినా అంతవరకూ అది పచ్చి పుండే. మొదటి రోజుల్లో పోగు చుట్టూ పలచగా ఊరి, ఎండి పెళుసుగా కట్టేది రసి. దాన్ని చూసి చీమని కంగారు పడక్కర్లేదు.

తమ్మెలో లేనిది, పైచెవిలో ఉన్నది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన కప్పిన పలచటి పొర నుంచే దానికి పోషణ. సూడోమోనాస్ లాంటి బాక్టీరియా అక్కడ చేరితే ఆ పొర కింద చీము పట్టి, మృదులాస్థి చచ్చిపోయి చెవి ముడుచుకుపోవచ్చు. అందుకే పసివాళ్లకి తమ్మె దాటి పైకి వెళ్లొద్దు.

ఎప్పుడు కుట్టించాలన్నది ధనుర్వాతం టీకాతో ముడిపడిన ప్రశ్న. ఆ సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మన దగ్గర పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు, ధనుర్వాతం నుంచి కాపాడే మందు అందులోనే ఉంటుంది. నవజాత శిశువుల్లో ధనుర్వాతాన్ని భారతదేశం దాదాపు తుడిచిపెట్టిందని 2015లో తేల్చారు. ఆ గెలుపు టీకాలది, శుభ్రమైన కాన్పులది. కాబట్టి టీకాల కార్డులో మూడు డోసులూ పడ్డాకే ముహూర్తం చూసుకోవడం మేలు. ఇంకో కారణం కూడా ఉంది. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరమొస్తే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు. రక్తపరీక్షలు, అడ్మిషన్, ఒక్కోసారి వెన్నులో నీరు తీసి చూడటం దాకా వెళ్తుంది. చెవికి పట్టిన చీముతో ఆ టెన్షన్ అంతా కొని తెచ్చుకోవడం ఎందుకు?

సుశ్రుత సంహిత కూడా ఆరో నెలో, ఏడో నెలో అని చెప్పింది. అందులో అంతకంటే ముచ్చటైన విషయం ఇంకోటుంది. చెవిని ఎండకి ఎదురుగా పట్టుకుని, వెలుగు ఇవతలికి కనిపించే చోట కుట్టమంటుంది. రక్తం ఎక్కువ కారినా, నొప్పి ఎక్కువైనా పొడవకూడని చోట పొడిచినట్టే లెక్క. ఇది ఇంట్లో ఎవరైనా చూడొచ్చు. చీకటి గదిలో బిడ్డ తమ్మె వెనక ఫోన్ టార్చ్ పెడితే తమ్మె ఎర్రగా వెలుగుతుంది, అందులో రక్తనాళాలు సన్నని నల్లటి గీతల్లా కనిపిస్తాయి. వాటిని తప్పించి చుక్క పెట్టాలి. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి, రెండు చుక్కలూ సమానంగా ఉన్నాయో లేదో ఎదురుగా చూసుకోవాలి. మరీ అంచుకి కుట్టిస్తే బరువుకి తెగేది ఆ చెవే.

అరసవల్లికో, ఇంకో మొక్కున్న గుడికో వెళ్లి పుట్టు వెంట్రుకలు తీయించి, వచ్చారు కదా అని అదే రోజు చెవులు కూడా కుట్టించేవాళ్లున్నారు. ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ మంగలి కత్తి గీతలు తలంతా ఉంటాయి, పైన రాసిన గంధం చెమటతో కలిసి చెవుల మీదికి కారుతుంది, ఆపైన పుష్కరిణి స్నానం. రెండిటికీ మధ్య కొన్ని వారాలైనా ఎడం ఉంచమంటాను.

ఇక గన్ సంగతి. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. దానిలో ఉండేది స్ప్రింగ్. పోగు మొన సూదంత పదునుగా ఉండదు, స్ప్రింగ్ బలంతో తోసుకుపోతుంది. దాంతో చుట్టూ కణజాలం నలిగి వాపు ఎక్కువ వస్తుంది. పనిముట్లని పూర్తిగా శుద్ధి చేయాలంటే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉంచాలి. ప్లాస్టిక్ గన్ అక్కడ కరిగిపోతుంది కాబట్టి స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి బిడ్డకి వాడేస్తారు. కంటికి కనిపించని రక్తపు తుంపరలో కూడా హెపటైటిస్ బి వైరస్ ఏడు రోజులు బతకగలదు. స్పిరిట్ బాక్టీరియా బీజాలని చంపదు. చెవికి తగిలే భాగాలన్నీ ఒక్కరికే వాడి పారేసే కొత్త రకం పరికరాలు వచ్చాయి, అవి నయం.

కంసాలి పద్ధతిలో నాన్నమ్మ గమనించని సుగుణం ఒకటుంది. ఆయన బంగారు తీగ కొసని ఆకురాయితో సూదిగా అరగదీసి, దాంతోనే పొడిచి, అక్కడే చుట్టేస్తాడు. పొడిచిన తీగ ఆ చెవిలోనే ఉండిపోతుంది, ఇంకో బిడ్డ చెవికి వెళ్లదు. లోపమల్లా చుట్టూ ఉన్నవాటిలో ఉంది. ఊళ్లో నగలన్నీ పట్టుకునే పట్టకారు, కొలిమి మసి అంటిన వేళ్లు, పనిబల్ల మీద పరిచిన గుడ్డ. ఎర్రగా కాల్చిన తీగని ఆ గుడ్డ మీద పెడితే కాల్చిన ఫలితం పోయినట్టే. నా ఓటు చెవులు కుట్టే అలవాటున్న పిల్లల డాక్టరుకో, ఈఎన్‌టీ డాక్టరుకో. మన ఎదుటే ప్యాకెట్ చించిన సూది, కొత్త గ్లౌజులు ఉండాలి. నొప్పి తగ్గడానికి కుట్టేముందు, కుట్టాక పాలు పట్టడం బాగా పనిచేస్తుంది. మొద్దుబారే క్రీమ్ మాత్రం సొంతంగా రాయకండి. పసిబిడ్డలకి మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోవచ్చు.

పోగు ఏ లోహంతో చేసిందన్నది ఇంకా ముఖ్యం. కొన్ని పోగుల్లో ఉండే నికెల్ అనే లోహాన్ని చెమట కరిగిస్తుంది. పచ్చి పుండులోంచి అది లోపలికి వెళ్తే రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తు దాదాపు జీవితాంతం పోదు. పెద్దయ్యాక వాచీ పట్టీ, జీన్స్ గుండీ తగిలినచోటల్లా దురద. కుట్టిన రంధ్రంలో పెట్టే పోగు నుంచి చదరపు సెంటీమీటరుకి వారానికి 0.2 మైక్రోగ్రాములకి మించి నికెల్ బయటికి రాకూడదని ఐరోపాలో చట్టమే ఉంది. సముద్రం గాలికి ఏడాదిలో సగం రోజులు చెమటలు కారే మన జిల్లాల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వన్ గ్రామ్ గోల్డ్ పోగులకి పైపూత కింద తరచూ నికెల్ పొర ఉంటుంది, మొదటి పోగుగా అవి వద్దు. 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. అది సరిపోతుంది. అయితే ఇక్కడో మెలిక. రెండు గ్రాముల కంటే తక్కువ బరువున్న నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, పసిపిల్లల పోగులు సాధారణంగా అంతకంటే తేలికే. కాబట్టి తెలిసిన షాపులో, క్యారెట్ రాసిన బిల్లుతో కొనండి.

కుట్టాక పసుపు, కొబ్బరినూనె రాయడం మన అలవాటు. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో బాక్టీరియాని అడ్డుకోవడం నిజమే. వంటింటి డబ్బాలోని పసుపులో బాక్టీరియా బీజాలు ఉండటమూ నిజమే. కాచి చల్లార్చిన కప్పు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన దూదితో రోజుకి రెండుసార్లు రసిని నానబెట్టి తుడిస్తే చాలు. ముందు మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పోగుని రోజూ తిప్పమని షాపుల్లో చెప్తారు. ఎండిన రసి అలా లోపలికి వెళ్లి కొత్త చర్మాన్ని గీరుతుంది, అందుకే తిప్పొద్దంటాను. ఆరు వారాలూ చెరువు, సముద్రం బంద్. పోగు ఊడిపోయిందని చీపురుపుల్ల గుచ్చే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ధనుర్వాతం గురించి పైన చెప్పింది ఆ పుల్లకీ వర్తిస్తుంది.

రెండు చెవులూ ఎర్రబడి, పొట్టు రేగి, బిడ్డ గోక్కుంటుంటే ఎక్కువగా అది లోహం పడకపోవడం. ఒక చెవే వేడిగా, నొప్పిగా వాచి, పసుపు పచ్చటి చీము కారితే అది ఇన్‌ఫెక్షన్. అప్పుడు పోగుని మీరే లాగేయకండి. రంధ్రం మూసుకుపోయి చీము లోపలే చిక్కుకోవచ్చు. జ్వరం వచ్చినా, ఎరుపు పైచెవికి పాకినా, మర తమ్మెలోకి దిగిపోయి కనిపించకపోయినా అదే రోజు డాక్టరుకి చూపించాలి. పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లలకి, గాయమైతే రక్తం ఆగని పిల్లలకి కుట్టించకముందే అడగాలి. ఇంట్లో ఎవరికైనా గాయపు మచ్చ ఉబ్బి గడ్డకట్టే కెలాయిడ్ ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

ఆరు వారాలు దాటి, గాయం పూర్తిగా మానాక పోగు మార్చొచ్చు. మర బిగువుగా ఉండాలి. ఊడితే నోట్లో పెట్టుకుని మింగే వయసు కదా. జూకాలు ఏ పెళ్లికో పెట్టినా ఇంటికి రాగానే తీసేయండి. చీర కొంగుకి చిక్కుకుని తమ్మె తెగితే కుట్లు వేయించాలి, మళ్లీ కుట్టించడానికి నెలలు ఆగాలి.